చూసింది చెప్పు

కుళాయి సన్నగా తిప్పుకుని గిన్నెలు కడగడం ఆమెకు ఎప్పుడు అలవాటైందో ఆమెకే గుర్తులేదు. కోడలు నీళ్ళు పొదుపుగా వాడుతుందని అత్తగారు ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ కోడల్ని మెచ్చుకున్నది ఆ ఒక్క విషయానికే, అదీ పొరపాటున. ఆ పొదుపు నీళ్ళ కోసం కాదు. కుళాయి నిండుగా తిప్పితే హాల్లో మాటలు వినపడవు. సాయంత్రం ఉద్యోగం నుంచి వచ్చి, బూట్లు విప్పి, టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాక ఆమె భర్త సోఫాలో కూర్చుని, కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. అక్కడ ఏ మాట పడుతుందో దాన్నిబట్టే ఆ పూట, ఒక్కోసారి ఆ వారమంతా, ఆమెకు గడిచేది. అందుకని పొద్దుటి నుంచి సింకులో నానుతున్న గిన్నెల్ని చప్పుడు కాకుండా ఒక్కొక్కటే తీసి, నిద్రపోతున్న పసిపిల్లల్ని తుడిచినంత మెల్లగా కడిగేది.

"ఇవాళ ఏం చూశావో చెప్పు," అనేవాడు అతను.

"అమ్మ బస్సు దిగి వచ్చింది."

"రాగానే ఏం చేసింది?"

"మంచినీళ్ళు తాగింది."

"కూర్చునా, నించునా?"

వినేవాళ్ళకి నవ్వొస్తుంది. మంచినీళ్ళు కూర్చుని తాగితే ఏం, నించుని తాగితే ఏం? కానీ కూర్చుని తాగిందీ అంటే, నానమ్మకి టీ పెట్టకముందే కూర్చుందని అర్థం. నించుని తాగిందీ అంటే, అంత తొందర దేనికి, ఎవరికైనా ఫోన్ చెయ్యడానికా అని ఇంకో ప్రశ్న. అతని ప్రశ్నల నుంచి తప్పించుకునే దారి ఉండేది కాదు. అది అతని వృత్తి. బీమా కంపెనీల తరఫున ప్రమాదాలు చూసొచ్చే సర్వేయరు. సొట్టపడ్డ కార్లూ, కాలిపోయిన దుకాణాలూ చూసి, నిజంగా నష్టపోయిందెవరో, నాటకమాడుతున్నదెవరో తేల్చడం అతని పని. పదిమందిలో తొమ్మిదిమంది దొంగలని అతని గట్టి నమ్మకం. ఆ పదోవాడు ఇంకా దొరకని దొంగ.

ఒకే సంగతిని మూడుసార్లు అడగాలంటాడు. మొదట తిన్నగా, తర్వాత ఇంకేదో మాట్లాడుతూ మధ్యలో, చివర తనకంతా తెలిసిపోయినట్టు. నిజం చెప్పేవాడి మాట మారదట, అబద్ధాలకోరుకి మూడోసారికి నాలుక మడతపడుతుందట. ఈ విద్య అతను ఎనిమిదేళ్ళ పిల్ల మీద ప్రయోగించేవాడు. గొంతు పెంచేవాడు కాదు, చెయ్యెత్తేవాడు కాదు. "నేను చెయ్యి చేసుకునే రకం కాదు," అని గర్వంగా చెప్పుకునేవాడు కూడా. విచారణ అయ్యాక కూతురి బుగ్గ గిల్లి, "నేనింట్లో లేనప్పుడు నా కళ్ళు నువ్వే కదూ," అనేవాడు. పిల్ల తలూపేది. అత్తగారు ఆ ముచ్చట చూసి మురిసిపోయేవారు. "తండ్రి అంటే ఎంత ప్రాణమో దానికి," అనేవారు.

పిల్లని ఇంట్లో అందరూ బొంగరం అని పిలుస్తారు. అడుగులు పడుతున్న రోజుల్లో ఒక్కచోట నిలవకుండా గిరగిరా తిరుగుతుండేదని ఆమె అక్క పెట్టిన పేరది. పేరు నిలిచింది గానీ అక్కని మాత్రం ఆ తర్వాత ఈ ఇంటి గడప తొక్కనివ్వలేదు. ఒకసారి భోజనాల దగ్గర, వడ్డిస్తూ నించున్న చెల్లెల్ని చూసి ఉండబట్టలేక, "మా చెల్లి కూడా పొద్దుణ్ణుంచి పనిచేసే వచ్చింది మరిదిగారూ, తనకీ ఆకలేస్తుంది," అంది అక్క. అంతే. ఆ రోజు నుంచి అక్క పేరెత్తడానికి లేదు, ఫోన్ చెయ్యడానికి లేదు. "నా పెళ్ళాం ఆకలి సంగతి నాకు ఇంకోళ్ళు చెప్పాలా?" అన్నాడు అతను. పెళ్ళాం ఆకలి సంగతి మాత్రం ఆ రోజూ ఎవరికీ గుర్తురాలేదు.

ఆమె మాట్లాడకుండా ఉండగలిగిందా? ఉండలేకపోయింది. ఆరేసిన బట్టలు తియ్యడానికి బాల్కనీలోకి వెళ్ళినప్పుడు, తడి దుప్పటి చాటున నిలబడి అక్కకి ఫోన్ చేసేది. ఎక్కువసేపు కాదు. అన్నం తిన్నావా, పిల్ల ఎలా ఉంది, నీ మోకాలెలా ఉంది, అంతే. ఆ నాలుగు మాటలతో మర్నాటికి సరిపడా ఊపిరి పీల్చుకున్నట్టుండేది. ఒకరోజు దుప్పటి తొలగించి చూస్తే ఎదురుగా బొంగరం. వంగి పిల్ల భుజాలు పట్టుకుని, "నాన్న అడిగితే చూళ్ళేదని చెప్పు. అమ్మవి కదూ. చూళ్ళేదని చెప్పు," అంది. తండ్రి చూడమన్నాడు, తల్లి చూడొద్దంది. ఆ మధ్యన పిల్లకున్నవి రెండే కళ్ళు. ఈ ఆలోచన ఆమెకు అప్పుడు రాలేదు. అప్పుడామెకు తన ప్రాణం తప్ప ఇంకేదీ గుర్తులేదు.

ఆ సాయంత్రం పిల్ల అమ్మ చెప్పినట్టే చెప్పింది. చూళ్ళేదంది.

"నువ్వెక్కడ కూర్చున్నావు?" అన్నాడు అతను.

"హాల్లో."

"హాల్లోంచి బాల్కనీ కనపడదా?"

"కనపడుతుంది."

"మరి అమ్మ చేతిలో బట్టలున్నాయా, ఫోనుందా?"

"చూళ్ళేదు నాన్నా."

"తలుపు తీసుంది. నువ్వు అటు తిరిగే కూర్చున్నావు. కళ్ళు మూసుకున్నావా?"

"లేదు."

"తెరిచే ఉన్నాయి, అయినా చూళ్ళేదు. ఇదెలా కుదురుతుందో నాక్కాస్త చెప్పు, నేర్చుకుంటాను."

అత్తగారు కిసుక్కున నవ్వారు. వంటింట్లో ఆమె కుళాయి పూర్తిగా కట్టేసి, సబ్బు చేతులతో అలాగే నించుంది. వెళ్ళి ఆపాలి. వెళ్తే, ఎందుకు వచ్చావు, నీకేం భయం అంటాడు. వెళ్ళకపోతే పిల్ల ఒక్కతే. ఆ లెక్క తేలేలోపలే హాల్లో నిశ్శబ్దం అయిపోయింది. తర్వాత చూస్తే పిల్ల కూర్చున్న చోట తడిసి ఉంది. ఎనిమిదేళ్ళ పిల్ల, ఎప్పుడో మానేసిన అలవాటు. అత్తగారు ముక్కు మూసుకుని, "అమ్మాయ్, గుడ్డ పట్టుకురా," అని కేకేశారు. ఆమె గుడ్డ పట్టుకొచ్చి తుడిచింది. పిల్ల వంక చూడలేదు. పిల్లా ఆమె వంక చూడలేదు.

తర్వాత కొన్నాళ్ళకే బడి నుంచి కబురొచ్చింది. బొంగరం బోర్డు మీదది ఎక్కించుకోలేకపోతోందని, ముందు బెంచీలో కూర్చోబెట్టినా అంతేనని, ఒకసారి కళ్ళు చూపించమని టీచరు చెప్పింది. ఇంట్లో కూడా పిల్ల పుస్తకం ముక్కుకి ఆనించుకుని చదవడం ఆమె గమనించింది. అక్షరాలు అలుక్కుపోతున్నాయంది పిల్ల. మధ్యలో మటుకు కాస్త కనపడుతుంది, చుట్టూ బూడిదరంగు అంది. సాయంత్రాలు ఇంకా ఎక్కువట.

"సాయంత్రమే హోంవర్కు చెయ్యాలి కదా మరి," అన్నారు అత్తగారు. "మీ అమ్మకి కూడా పనున్నప్పుడే తలనొప్పి వస్తుంది. ఎక్కడికి పోతాయి పోలికలు?"

ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి ఆమె పూటంతా సెలవు అడగాల్సి వచ్చింది. ఆమెది చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో చెకింగ్ పని. ట్యూబులైటు కింద పొడుగాటి బల్ల, బల్ల మీద కొండలా చొక్కాలు. కాలరు వంకర పోయిందా, గుండీ వదులైందా, కుట్టు ఎక్కడైనా దాటేసిందా, దారం పోగు వేలాడుతోందా చూసి, లోపమున్నచోట చిన్న ఎర్ర స్టిక్కరు అంటించాలి. రోజంతా కళ్ళలో వత్తులు వేసుకుని లోపాలు వెతకడమే. సాయంత్రానికి కళ్ళు ఉడికిపోయి, బస్సు నంబరు కూడా తడుముకుని చదువుకునేది. ఇంట్లో అతనూ అదే పని చేస్తాడు కదా, నాకు జీతమన్నా ఇస్తారని ఒక్కోసారి అనుకునేది.

సెలవనగానే ఫ్లోర్ ఇన్‌ఛార్జి పెదవి విరిచాడు. "పిల్లకి కళ్ళు కనపడకపోతే నాన్న లేడామ్మా తీసుకెళ్ళడానికి? ప్రతిదానికీ మీరే బయల్దేరితే ఇక్కడ లైను ఎవరు నడుపుతారు?" అన్నాడు. పోయిన నెల అతను పిల్లాడి ఆటలపోటీ చూడ్డానికి వెళ్ళొస్తే, ఎంత మంచి తండ్రి అని ఆఫీసంతా పొగిడింది. ఆ వారం మిగతా రోజులు ఆలస్యంగా ఉండి పూర్తిచేస్తానంది ఆమె. ఆలస్యంగా ఇంటికి వస్తే హాల్లో ఏ ప్రశ్నలుంటాయో అప్పుడే ఆలోచించడం మొదలుపెట్టింది.

అతను కూడా ఆస్పత్రికి వచ్చాడు. నిజానికి ఆమె అడగలేదు. "చూద్దాం, ఏం తేలుస్తారో," అన్నాడు, సొట్టపడ్డ కారు దగ్గరికి బయల్దేరినట్టే పెన్ను జేబులో పెట్టుకుంటూ.

కళ్ళ డాక్టరమ్మ పెద్దావిడ, మాటల్లో తొందర లేని మనిషి. పిల్ల కళ్ళల్లో చుక్కలు వేసి, చీకటిగదిలో లైటు వేసి లోపలంతా చూసింది. తర్వాత గోడ మీది అక్షరాలు చదవమంది. బొంగరం పెద్ద అక్షరం ఒక్కటి చదివి ఆగిపోయింది. అప్పుడు డాక్టరమ్మ బరువైన ఫ్రేము ఒకటి పిల్ల ముక్కు మీద పెట్టి, "ఇప్పుడు మంచి అద్దాలు వేస్తున్నాను, ఇవి చాలా పవర్‌ఫుల్," అంటూ ఒకదాని మీద ఒకటి అద్దాలు పెట్టింది. పిల్ల మెల్లగా మొదలుపెట్టి, కింది వరస దాకా గడగడా చదివేసింది. చదివి తనే ఆశ్చర్యపోయి తల్లి వైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వు చూసి ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇన్ని రోజులకి పిల్ల నవ్వింది, కళ్ళజోడుతో పోయేదానికి ఎంత భయపడ్డామో అనుకుంది.

డాక్టరమ్మ పిల్లని బయట ఆయా దగ్గర కూర్చోబెట్టి తలుపు వేసింది.

"ఆ అద్దాల్లో పవరు లేదండీ. ఒకటి పెంచితే ఇంకోటి తగ్గిస్తుంది, రెండూ కలిపితే మామూలు కిటికీ అద్దంతో సమానం. కంట్లో లోపమేం లేదు."

అతను కుర్చీలో ముందుకి జరిగాడు. అతని ముఖం వెలిగిపోయింది. కూతురి కళ్ళు బాగున్నాయన్న సంతోషం కాదది. ఆమెకు ఆ వెలుగు బాగా తెలుసు. దొంగ దొరికినప్పుడు వచ్చే వెలుగు.

"అంటే అబద్ధమాడుతోందన్నమాట."

"కాదు," అంది డాక్టరమ్మ. "కళ్ళు చూస్తున్నాయి, మనసు దాన్ని లోపలికి రానివ్వడం లేదు. పిల్ల కావాలని చేస్తున్నది కాదిది. పరీక్షల రోజు పిల్లలకి కడుపునొప్పి వస్తుంది చూడండి, అది అబద్ధమా? నొప్పి నిజమే, కడుపులో రోగం లేదు, అంతే. దీనికి నిజంగానే కనపడటం లేదు. దేనికో బాగా భయపడుతోంది, లేకపోతే మొయ్యలేనిదేదో మోస్తోంది."

"అద్దాల్లో ఏమీ లేకపోయినా చదివిందిగా? అంటే మొదట్నుంచీ కనపడుతున్నట్టేగా?"

"మీరేం చేస్తుంటారు?"

"ఇన్సూరెన్స్ సర్వేయర్ని."

"ఇక్కడెవరూ క్లెయిమ్ వెయ్యలేదండీ," అంది డాక్టరమ్మ. ఆమె వైపు తిరిగి, "అమ్మగారితో నేను కాసేపు విడిగా మాట్లాడొచ్చా?" అని అడిగింది.

"మా ఇద్దరి మధ్యా రహస్యాలేం ఉండవు," అన్నాడు అతను, కదలకుండా.

డాక్టరమ్మ అతను లేనట్టే ఆమె ముఖంలోకి చూస్తూ అడిగింది. "ఇంట్లో ఎలా ఉంటుందమ్మా?"

చెప్పడానికి అదే సమయం. మనిషి ఎదురుగా కూర్చుని, నోరు తెరిచి అడుగుతోంది. ఆమె నాలుక చివర దాకా వచ్చింది. పక్కన అతను పెన్ను మూత తీస్తూ, పెడుతూ ఉన్నాడు. టక్, టక్. ఇంటికెళ్ళాక ఉండే సాయంత్రం ఆమె కళ్ళముందు కదిలింది, తిన్నగా అడిగేది, మధ్యలో అడిగేది, చివర అడిగేది. "బాగానే ఉంటుందండీ. మామూలే," అంది. అంటూ నవ్వింది కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది ఆమెకు.

డాక్టరమ్మ నిట్టూర్చింది. పిల్లని తిట్టొద్దంది, బతిమాలొద్దంది. ముఖ్యంగా, కనపడుతోందా లేదా అని ఇంట్లో పరీక్షలు పెట్టొద్దంది. "ఇలాంటి పిల్లలు దారిలో అడ్డం ఉంటే తప్పుకునే నడుస్తారు. అది చూసి దొరికిపోయిందని అనుకోకండి. భయం తగ్గితే చూపు దానంతటదే వస్తుంది. తగ్గకపోతే ఇంకా ముదురుతుంది," అంది. నెల తర్వాత మళ్ళీ తీసుకురమ్మంది.

డాక్టరు చెప్పినవాటిలో అతని చెవికెక్కింది ఒక్కటే, అడ్డం ఉంటే తప్పుకుంటారని.

మర్నాడు సాయంత్రమే హాలుకీ పడగ్గదికీ మధ్యనున్న నడవాలో స్టూలు పెట్టి, "బొంగరం, ఓసారిలా రామ్మా," అని పిలిచాడు. పిల్ల వచ్చింది. స్టూలు దగ్గర కొంచెం పక్కకి ఒరిగి, దాన్ని దాటుకుని వచ్చింది. అతను చప్పట్లు కొట్టాడు.

"అమ్మా, చూశావా? అక్షరాలు కనపడవుట, స్టూలు కనపడుతుందిట!"

"నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాగా," అన్నారు అత్తగారు. "కళ్ళకి కాదురా, దీనికి బుద్ధికి వెయ్యాలి అద్దాలు."

"స్టూలు చూశావా లేదా?" అని పిల్లని అడిగాడు అతను.

"లేదు నాన్నా."

"మరి పక్కకెందుకు జరిగావు?"

తనకే తెలియనిదానికి పిల్ల ఏం చెబుతుంది? మూడుసార్లు అడిగాడు. మూడోసారికి పిల్ల, "ఏమో నాన్నా, కాళ్ళే జరిగాయి," అంది. అతను పగలబడి నవ్వాడు. ఆ మాట అతనికి ఎంత నచ్చిందంటే, తర్వాత రోజూ వాడుకున్నాడు. అన్నం పారబోస్తే, "చేతులే పారబోశాయా?" అని, లెక్క తప్పైతే, "పెన్సిలే తప్పు చేసిందా?" అని. అబద్ధాలాడే నోటికి ఐస్‌క్రీమ్ దేనికన్నాడు. అబద్ధాలాడే పిల్లని ఎవరు ఆడించుకుంటారని పక్కింటికి పంపడం మానిపించాడు. "నేను అబద్ధం చెప్పాను నాన్నా, నాకు కనపడుతోంది అను. అంతే, అన్నీ తిరిగొస్తాయి," అనేవాడు ముద్దుగా. పిల్ల అనలేదు. నిజంగానే కనపడకపోతే ఎలా అంటుంది?

"డాక్టరుగారు పరీక్షలు పెట్టొద్దన్నారండీ," అంది ఆమె ఒకసారి, కూడదీసుకుని.

"నువ్వు నీ చొక్కాల్లో లోపాలు చూసుకో. మనుషుల్లో లోపాలు చూడ్డం నా పని," అన్నాడు అతను.

ఒక ఉదయం పిల్లకి తల దువ్వుతూ, జడ పాయలు తీస్తూ, ఆమె మెల్లగా అడిగింది. "అమ్మతో చెప్పు తల్లీ. ఇప్పుడు ఎలా ఉంది? ఏమన్నా కనపడుతోందా?"

పిల్ల మెడ బిగుసుకుపోవడం ఆమె వేళ్ళకు తెలిసింది.

"నాన్న అడగమన్నారా?" అంది బొంగరం.

దువ్వెన ఆమె చేతిలోనే ఆగిపోయింది. కాదురా, నేనే అడుగుతున్నానని చెప్పబోయింది. కానీ ఏ ముఖంతో? ఎప్పుడైనా తనకోసం కాకుండా, పిల్లకోసం ఏమన్నా అడిగిందా? ఏం చెప్పావు నాన్నకి, నేనన్నది చెప్పేశావా, ఫోన్ సంగతి అడిగారా, ఇవేగా రోజూ పిల్ల చెవిలో ఊదింది. పిల్ల ఈ ఇంట్లో ఇద్దరు సర్వేయర్ల మధ్య పెరుగుతోంది. ఒకడు సోఫాలో కూర్చుని అడుగుతాడు, ఇంకొకత్తె తల దువ్వుతూ అడుగుతుంది. ఆమె జడ అల్లేసి రిబ్బను ముడి వేసింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అతను మంచి ఉత్సాహంగా ఉన్నాడు. ఈ వ్యవహారం ఇవాళ్టితో తేల్చేస్తానన్నాడు. టీపాయి తీసుకెళ్ళి నడవాలో అడ్డంగా పెట్టాడు. దాని మీద మందపాటి అద్దం, నాలుగు మూలలూ సూదిగా ఉంటాయి. స్టూలు కంటే పెద్దది, కనపడకపోయే ప్రశ్నే లేదన్నాడు. అత్తగారు సోఫాలో కాళ్ళు పైకి మడిచి కూర్చున్నారు, సినిమా మొదలవుతున్నట్టు. వంటింట్లో గిన్నెల దగ్గరున్న ఆమె కుళాయి కట్టేసి గుమ్మంలోకి వచ్చింది.

"ఏవండీ, దాని మూలలు పదును. తగిలితే..."

"కళ్ళున్న పిల్లకి ఎందుకు తగులుతుంది?" అని, గొంతెత్తి పిలిచాడు. "బొంగరం! తొందరగా రావాలి, పరిగెత్తుకుంటూ!"

పడగ్గదిలోంచి పిల్ల పరుగున వచ్చింది. టీపాయికి కొంచెం ఇవతల పిల్ల కాలు ఆగడం, తల కొంచెం పక్కకి తిరగడం ఆమె స్పష్టంగా చూసింది. తప్పుకోబోయింది. అందులో అనుమానం లేదు. అప్పుడు పిల్ల ఒక్కసారి తండ్రి నించున్న వైపు ముఖం తిప్పింది. తప్పుకుంటే ఏమవుతుందో దానికి తెలుసు. చప్పట్లు, నవ్వు, కాళ్ళే జరిగాయా. పళ్ళు బిగించి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, తిన్నగా టీపాయి మీదికి నడిచింది.

మోకాళ్ళు తగిలి ముందుకు తూలింది. కనుబొమ మీద మూల దిగింది. అద్దం పగల్లేదు. పిల్ల కేక కూడా పెట్టలేదు. లేచి నించుంది. కంటి మీదుగా, బుగ్గ మీదుగా రక్తం ధారగా కారి గౌనులోకి ఇంకుతుంటే తుడుచుకోకుండా, "ఇప్పుడు నమ్ముతావా నాన్నా?" అంది.

అత్తగారు మడిచిన కాళ్ళు కిందికి దించారు. అతని ముఖం సున్నం కొట్టినట్టయింది, కాసేపే. తువ్వాలు తెచ్చి గాయం మీద అదిమిపెట్టి ఆమె పిల్లని ఎత్తుకుని మెట్లు దిగుతుంటే, వెనకే చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి ఆటో పిలిచాడు. ఆటో ఎక్కాక అతను మళ్ళీ మామూలు మనిషైపోయాడు. ఇన్నేళ్ళుగా దొంగ క్లెయిములు పట్టుకున్నవాడు, దొంగ క్లెయిము ఎలా అల్లాలో అతని కంటే ఎవరికి బాగా తెలుస్తుంది?

"జాగ్రత్తగా వినండి. పిల్ల ఆడుకుంటూ పడింది. అందరూ ఒకే మాట చెప్తే అనుమానమొస్తుంది, అందుకని తలొక రకంగా చెప్పాలి. నేను పేపరు చదువుకుంటున్నాను, పెద్ద చప్పుడైంది. బొంగరం, నువ్వు బంతి కోసం పరిగెత్తావు. బంతి ఏ రంగని అడిగితే పసుపు. తెలిసిందా? ఏ రంగు?"

"పసుపు," అంది పిల్ల, తువ్వాలు కింద నుంచి.

"మన ఇంట్లో బంతి లేదండీ," అంది ఆమె.

"నీ సంగతి నేను చెప్తాగా. నువ్వు వంటింట్లో ఉన్నావు, గిన్నెలు కడుగుతున్నావు, కుళాయి చప్పుడులో నీకేం వినపళ్ళేదు. ఏం జరిగిందని అడిగితే చూళ్ళేదని చెప్పు. అంతే. చూళ్ళేదని చెప్పు."

అవే మాటలు. భుజాలు పట్టుకుని, వంగి, తడి దుప్పటి పక్కన తను పిల్లకి నేర్పిన మాటలు. తన నోట్లో ఉన్నప్పుడు అవి బతిమాలుకున్నట్టే ఉన్నాయి, అమ్మవి కదూ అని కూడా అంది. అతని నోట్లోంచి వింటుంటే అవి ఎలాంటివో ఇప్పుడు తెలిసింది. ఒళ్ళో పిల్ల బరువు తెలుస్తోంది. తువ్వాలు మీద అదిమిన చేతికి వెచ్చగా తగులుతోంది. అతను ఇంకోసారి, మాట మార్చి, పిల్లని బంతి రంగు అడిగాడు. పిల్ల ఇంకోసారి పసుపు అంది. అతను మెచ్చుకున్నాడు.

ఆస్పత్రి క్యాజువాలిటీలో కుర్ర డాక్టరు కనుబొమ మీద కుట్లు వేశాడు. ఇంకాస్త కిందికి దిగి ఉంటే కన్నే పోయేదన్నాడు. పిల్ల మత్తు సూదికి కూడా ఏడవలేదు. అది ఆ డాక్టరుకి నచ్చినట్టు లేదు. కుట్లయ్యాక చేతి గ్లౌజులు తీసేసి, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"ఎలా తగిలింది?"

అతను మొదలుపెట్టాడు. పేపరు, చప్పుడు, పరిగెత్తుకెళ్ళి చూడటం. ఎంత బాగా చెప్పాడంటే, అక్కడ లేకపోయుంటే ఆమె కూడా ఒక నిమిషం నమ్మేసేది. అక్కడక్కడా తడబడ్డాడు కూడా, కంగారుపడ్డ తండ్రి ఎంత తడబడతాడో సరిగ్గా అంతే. డాక్టరు అంతా విని, పిల్ల వైపు వంగాడు.

"నువ్వు చెప్పు కన్నా. నువ్వేం చూశావు?"

పిల్ల తల తిప్పి తండ్రిని చూసింది. తర్వాత తల్లిని చూసింది. ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నలన్నిటినీ ఆమె వంటింట్లోంచి విన్నదే గానీ, ప్రశ్న పడ్డప్పుడు పిల్ల ముఖం ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూసింది. మొదట పెదవులు తెల్లబడ్డాయి. కళ్ళు రెండూ ఇంకా పెద్దవయ్యాయి. అమ్మ ముఖం మీద నిలిచిన చూపు అక్కడే ఉంది, కానీ అందులో ఇంక పిల్ల లేదు. తన కళ్ళెదుట, పట్టపగలు, పెద్ద పెద్ద లైట్ల కింద, కూతురి చూపు వెళ్ళిపోయింది. చెయ్యి గాలిలో తడుముకుంటూ మంచం అంచు వెతుక్కుంది.

"చెప్పమ్మా, భయమెందుకు?" అన్నాడు తండ్రి. "బంతి..."

"దాన్నడక్కండి," అంది ఆమె.

గొంతు తనదేనా అనిపించేంత మామూలుగా వచ్చింది. అతను చప్పున ఆమె వైపు తిరిగాడు. "నువ్వు వంటింట్లో ఉన్నావు," అన్నాడు, మెల్లగా, ఒక్కో అక్షరం విడదీసి.

"లేనండీ. గుమ్మంలో నించుని ఉన్నాను." తడుముకుంటున్న పిల్ల చేతిని రెండు చేతులతో పట్టుకుని, డాక్టరు వైపు తిరిగింది. "ఇవాళ్టిది ఒక్కటే కాదు డాక్టరుగారూ, మొదట్నుంచీ చెప్పాలి. నేను చేసింది కూడా చెప్పాలి. ఇంక దాన్ని ఎవరూ ఏమీ అడక్కండి, నన్నడగండి. నేను చూశాను."